బారికి చెప్పని పేరు

దిగువన తాగుడు మానిపించే గదిలోకి తాగుబోతుల్ని తప్ప ఇంకెవర్నీ రానివ్వరని ఊళ్లో అందరూ అనుకుంటున్నారు. అందుకని బుధు బయలుదేరే ముందు రెండు గుక్కలు సారా వేసుకున్నాడు. మూడో గుక్క మెడలో కండువా మీద ఒలకబోసుకున్నాడు. వాసన రావాలి కదా.

"పనిమీద ఎల్తన్నోడివి, పని మర్సిపోయేలాగ తాగకు," అన్నాడు ధనుంజయ్.

ధనుంజయ్ ఊరి పెద్ద. బుధుకి వరసకి అన్న. దడి దగ్గర నిలబడి, ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూశాడు.

"మన ఊరోల్లు ఎవరెవరు వస్తన్నారో సూడు. తలుపులేసుకుని ఏటి సేత్తన్నారో సూడు. నీల్లల్లో ముంచి మతం కలిపీసుకుంతన్నారంట. నిజమో కాదో సూడు. గురువారం సాయంత్రం ఊరు కూకుంటాది. అందరి ముందరా నిలబడి సెప్పాల."

"సెప్తే?"

"సెప్తే కర్ర నీది."

బుధు చూపు ధనుంజయ్ అరుగు మీదికి పోయింది. బారికి కర్ర అక్కడ గోడకి ఆనించి ఉంది. పెద్దలు అనుకున్న మాట సాయంత్రం ఊరి మధ్య రాయి మీద నిలబడి నాలుగు వైపులకీ కేకేసి చెప్పేవాడు బారికి. బుధు తండ్రి బారికి, తర్వాత బుధు. కిందటి కాఫీ కోతల్లో ఊరి దేవతకి మేకని కోసే రోజు ఎవరూ పనికి పోకూడదని చాటమంటే, తాగిన మైకంలో ఒకరోజు ముందుకి చాటాడు. ఊరంతా ఒకరోజు ఊరికే కూర్చుంది. ఆ రోజు వానకి పండిన కాయ రాలిపోయింది. తెల్లారి దేవత రోజున సగం మంది తోటల్లో ఉన్నారు. కర్ర పోయింది. అప్పట్నుంచి ఆడవాళ్లు కాఫీ వరసల్లోంచి అడుగుతూనే ఉన్నారు. "బుధు బావా, రేపు ఏ వారమేటి?"

ఇప్పుడు ఊరి పెద్దల అనుమానమంతా సోములమ్మ మీద. మొన్న చావింట్లో అందరికీ ఆకుదొప్పల్లో జీలుగు కల్లు పోస్తుంటే ఆ ముసలామె తన దొప్ప బోర్లించింది. పోయిన మనిషి పేరు మీద పోసింది కాదన్నవాళ్లని ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు. పక్క ఊళ్లో తాగుడు మానేసిన రెండు ఇళ్లవాళ్లు తర్వాత పండగ మేకకి వాటా ఇవ్వడం కూడా మానేశారు. ముందు దొప్ప, తర్వాత మేక, తర్వాత దేవత. ధనుంజయ్ లెక్క అది. గురువారం ఆమెని వెలేస్తారు. కావలసింది చూసి చెప్పే మనిషి ఒకడే.

బుధు దిగువకి నడిచాడు.

సంత రోజు కావడంతో ఘాటు రోడ్డు జంక్షన్‌లో జీపులు బారులు తీరి ఉన్నాయి. గది ఎక్కడో బుధుకి తెలియదు. టీ కొట్టువాణ్ని అడిగాడు.

"ఏ గది?"

"అదే... మానిపించీది."

"ఏటి మానిపించీది?"

"ఏటైతే నీకెందుకు?"

టీ కొట్టువాడు ముక్కు చిట్లించి కండువా వైపు చూశాడు. తర్వాత గరిటెతో చర్చి వెనక్కి చూపించాడు.

ఒకప్పుడు ఆడపిల్లలకి కుట్టుపని నేర్పిన గది. బోర్డు లేదు. బుధు దాన్ని దాటి పోయాడు. మళ్లీ వెనక్కి వచ్చి దాటి పోయాడు. పెంకుల మీంచి పొగమంచు ఇంకా లేవలేదు. తలుపు తీసుకుని ఒక బట్టతల మనిషి వచ్చాడు.

"లోపలికి రా తమ్ముడూ. బయట నువ్వు ఎన్నిసార్లు తిరిగినా అంతే దూరం."

లాజరస్ ఆయన. ఒకప్పుడు మిషను ఆసుపత్రిలో కాపలా పని చేసినవాడు, ఇప్పుడు ఈ గది చూసుకునేవాడు. దగ్గరికి రాగానే వాసన పట్టాడు. బుధు ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు, పరీక్ష నెగ్గినట్టు.

"తాగొచ్చినావు. పర్లేదు, కూకో. కానీ తాగొచ్చినోడు మాటాడకూడదు. ఇనాల. అదొక్కటే."

బుధుకి ఇది నచ్చలేదు. మాట్లాడనివ్వకుండా చేసేవాడి దగ్గర ఏదో ఉంటుంది. మూల కూర్చుని దుప్పటి తల మీదికి లాక్కున్నాడు. కవర్లు కప్పిన కుట్టుమిషన్ల మధ్య నుంచి గదంతా వెతికాడు. గోడకి ఏసు బొమ్మ ఉన్న కేలండర్. సరే. మూల ఒక నీలం డ్రమ్ము, నిండా నీళ్లు. అదే అయ్యుంటుంది. మనిషి పట్టేంత ఉంది, వంగి కూర్చుంటే. అల్లం టీ ఇచ్చారు. మానిపించే మందు టీలోనే కలుపుతారని గాసి చెప్పాడు. గాసి ఊళ్లో జీలుగు చెట్లు గీసేవాడు, అతనికి తెలిసే ఉంటుంది. బుధు గ్లాసు పెదాలకి ఆనించి, ఎవరూ చూడనప్పుడు కిటికీలోంచి పారబోశాడు.

సోములమ్మ ఉంది. బుధుకి తెలియని ఇద్దరు మగవాళ్లు ఉన్నారు. సోములమ్మ చీర కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఈవేల చీమ కుట్టినట్టు ఒల్లంతా జిలగా ఉంది, రాలేదేటి అనకండి, అయినా వచ్చీసినాను," అంది. అందరూ నవ్వారు. ఇంతేనా అనుకున్నాడు బుధు.

అప్పుడు తలుపు తోసుకుని ఒక కుర్రాడు వచ్చి వెలుతురుకి అడ్డంగా కూర్చున్నాడు. మొహం కనబడలేదు. గొంతు వినబడింది.

"నాను మొన్న సెప్పినాను గదా, వొంపు దగ్గర జీపు అంచుకెల్లిపోయిందని. అందరూ నన్ను మెచ్చుకున్నారు. బలే తిప్పినావురా అన్నారు. నాను తిప్పలేదు. తాగున్నాను, నిద్రట్టీసింది. రాయి అడ్డొచ్చింది. అంతే." జీపు తాళాలు బల్ల మీద పెట్టాడు. "ముందు సీట్లో మా నాన్న కూకున్నాడు. ఆయన కూడా బలే తిప్పినావన్నాడు."

సోములమ్మ ఒక టీ గ్లాసు అతని ముందుకి జరిపింది.

"ఇంటికెల్లడం అందుకే మానీసినాను. ఎల్తే మా నాన్న దొప్ప అందిస్తాడు. ఒద్దంటే మతం కలిసిపోయినావా అంటాడు. తీసుకుంటే మల్లీ ఆ వొంపే."

బుధుకి దగ్గు వచ్చింది. ఆపుకోబోయాడు, ఆగలేదు. కొండకి ఆ పక్క వినబడే గొంతు అది. ఆ దగ్గు ఊళ్లో ఎవరికైనా తెలుసు. కుర్రాడు ఒక్కసారి తిరిగాడు.

రవికుమార్. ధనుంజయ్ కొడుకు.

గది విడిచిపెట్టాక రవికుమార్ చర్చి గోడ దగ్గర బుధు దారికి అడ్డం నిలబడ్డాడు.

"సిన్నాన్న, ఎందుకొచ్చినావు?"

"మానడానికి."

"తాగొచ్చి?"

బుధు కండువా సర్దుకున్నాడు.

"మా నాన్న పంపినాడు," అన్నాడు రవికుమార్. అడగలేదు, అన్నాడు. "సెప్పుకో. నీకు కర్ర కావాల గదా."

*

శుక్రవారం, మంగళవారం, వారానికి రెండుసార్లు ఆ గది తీస్తారు. మంగళవారం పొద్దున్న బుధు తాగలేదు. మానడానికి కాదు. డ్రమ్ము సంగతి అడగాలి, తలుపు సంగతి అడగాలి. తాగి వెళితే నోరు విప్పనివ్వరు.

మధ్యాహ్నం దాకా కాఫీ కోయాలని తోటలోకి వెళ్లాడు. పండిన కాయని తొడిమ చెట్టుకే ఉండేలా మెలితిప్పి తీయాలి. తొడిమ ఊడితే పై ఏడు అక్కడ పూత రాదు. చెయ్యి వణికింది. ఎర్రకాయ పట్టుకుంటే పక్కనున్న పచ్చికాయలు రెండు, ఆకుతో సహా బుట్టలో పడ్డాయి. బుధు వాటిని ఏరి పారేశాడు. మళ్లీ పడ్డాయి. చెమట పట్టింది, ఆ చలిలో.

పై వరసలోంచి అతని పెళ్లాం రత్న చూస్తోంది. బుట్ట నడుముకి కట్టుకుని దిగి వచ్చింది.

"ఏటైంది నీకు?"

"ఏటీ లేదు."

"పొద్దున్న సీసా ముట్టనేదు. సూసినాను. ఎక్కడ దాసినావు?"

"దాసలేదే."

"మరి తాగకుండా ఎందుకున్నావు?" రత్న కళ్లు చిన్నవయ్యాయి. "శుక్రవారం సంతకెల్లినావు, గోనె తీసుకెల్లనేదు. ఏటీ కొని తేనేదు. ఈవేల మల్లీ ఎల్తానంతన్నావు. ఎవుర్తి అది?"

"ఓలమ్మ! ఈ మొకానికా?"

రత్న అతని మొహం వైపు నిజంగానే చూసింది. చూసి, కాసేపటికి, "అదీ నిజమేలే," అని, అతని బుట్టలోని పచ్చికాయలు తనే ఏరడం మొదలుపెట్టింది. అనుమానం మాత్రం పోలేదు. అతను దిగువకి పోతుంటే వరస చివర దాకా వచ్చి నిలబడింది.

గదిలో ఈసారి టీ తాగాడు. వణుకుతున్న చేతికి గ్లాసు వేడిగా ఉంది, పారబోయబుద్ధి కాలేదు. లాజరస్ అతని వేళ్లు చూశాడు.

"తమ్ముడూ, ఈ ఒణుకు ఎక్కువైనా, లేనిపోనివి కనబడినా దాసుకోకు. ఆసుపత్రికి పోదాం. నాను కూడా వస్తాను. ఇప్పుడు మాటాడు. ఈవేల మాటాడొచ్చు."

బుధు లేచి నిలబడ్డాడు. ఊరి రాయి మీద నిలబడ్డట్టే.

"నీల్లల్లో ఎప్పుడు ముంచుతారు?"

"ఎవుర్ని?"

"మమ్మల్ని. ఆ డ్రమ్ములో."

సోములమ్మ టీ పొలమారి దగ్గింది. లాజరస్ నవ్వలేదు. డ్రమ్ము దగ్గరికి వెళ్లి, చెంబుతో నీళ్లు ముంచి, ఎంగిలి గ్లాసు కడిగి బోర్లించాడు.

"నన్ను సిన్నప్పుడే ముంచినారు తమ్ముడూ. మాది పుట్టు కిరస్తానీ ఇల్లే. ముంచినాక కూడా ఆసుపత్రిలో పడీదాకా తాగినాను. నీల్లకే తాగుడు పోతే ఏట్లో కూకుంటే సరిపోయీది."

"మరి తలుపెందుకేసుకుంతన్నారు?"

"సలికి," అంది సోములమ్మ.

"సలికీ," అన్నాడు లాజరస్, "ఇంకో దానికీ. ఇక్కడ సెప్పిన మాట ఆ గుమ్మం దాటకూడదు. దాటితే రేపట్నుంచి ఎవరూ నిజం సెప్పరు. నిజం సెప్పకపోతే ఇక్కడ టీ తాగి ఎల్లడమే."

బుధు జీవితమంతా మాట దాటించే పని చేశాడు. ఒకరి నోటి మాట అందరి చెవిన వేయడమే అతనికి తెలిసిన పని. నలుగురికీ చెప్పకూడని మాటలో మంచి ఏముంటుంది? కూర్చుని ఆలోచించాడు. ఆలోచిస్తుంటే ఒక ఖాళీ కుర్చీ కనిపించింది. దాని ముందు బల్ల మీద ఒక గ్లాసు టీ, ఎవరూ ముట్టనిది, మీగడ కట్టి ఉంది.

"ఆ గుంటడు రానేదేటి?"

లాజరస్ ఇంకో గ్లాసు కడగడానికి వంగాడు. సోములమ్మే చెప్పింది.

"నువ్వొచ్చినావని."

బుధు దుప్పటి దగ్గరికి లాక్కున్నాడు. ఆ తర్వాత వాళ్లు ఏం మాట్లాడుకున్నారో వినబడింది గానీ పట్టలేదు. గ్లాసు వైపే చూస్తూ కూర్చున్నాడు.

బయటికి వచ్చాక జీపుల స్టాండుకి వెళ్లాడు. రవికుమార్ బానెట్ ఎత్తి నీళ్లు పోస్తున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. బుధు ఊపిరి గట్టిగా పీల్చి వాసన చూశాడు. డీజిల్ వాసన తప్ప ఏమీ తెలియలేదు.

"శుక్రవారం రా," అన్నాడు బుధు.

"గురువారం అవనీ. అప్పుడు సూద్దాం."

"నన్ను నమ్మవేటిరా?"

రవికుమార్ బానెట్ వేసేశాడు. "నిన్నా సిన్నాన్న?" అన్నాడు.

*

గురువారం పొద్దు వాలుతుండగా ఊరు కూర్చుంది. మగవాళ్లు రాళ్ల మీద, ఆడవాళ్లు దడుల వెంబడి. ఆడవాళ్లలో సోములమ్మ కాళ్లు చాపుకుని కూర్చుంది, ఎవరూ ఆమె పక్కన కూర్చోలేదు. ధనుంజయ్ కర్ర తెచ్చి మధ్యలో నేల మీద పెట్టాడు. బుధు దాని వైపు చూడకుండా ఉండాలనుకున్నాడు. పట్టుకునే చోట తండ్రి చేతికీ తన చేతికీ అరిగిన నునుపు కనబడుతూనే ఉంది.

"సెప్పు," అన్నాడు ధనుంజయ్.

"ఎల్లినాను. సూసినాను. నీల్లల్లో ఎవుర్నీ ముంచడం లేదు. డ్రమ్ములో నీల్లు గ్లాసులు కడుక్కోడానికి."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"తలుపు?"

"సలికి."

"ఎవరెవరు వస్తన్నారు?"

బుధు గొంతు సవరించుకున్నాడు. "నానెల్తన్నాను."

"నువ్వు కాదురా. నిన్ను మేం పంపినాం. మిగతావోల్లు?"

"మిగతావోల్ల పేర్లు సెప్పను."

గాసి లేచాడు. అతని భుజానికి కల్లు సొరకాయ బుర్ర వేలాడుతోంది. "టీ తాగినావా?"

"తాగినాను."

"సెప్పినానా! మందు పెట్టీసినారు ఈడికి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. గాసి ఆకుదొప్పలో కల్లు పోసి తెచ్చి బుధు చేతిలో పెట్టాడు. "మనోడివే అయితే తాగు. తాగి సెప్పు."

తాజా కల్లు. నురగ ఇంకా అణగలేదు. ఆ వాసనకి బుధు నాలుక కింద నీళ్లూరాయి. దొప్ప వణికి బొటనవేలి మీద ఒలికింది. దడి దగ్గర రత్న నిలబడి ఉంది. ఎవుర్తి అని అడిగిన కళ్లతోనే చూస్తోంది, గానీ ఇప్పుడు అడుగుతున్నది వేరు.

తాగి, ఒక్క పేరు చెబితే చాలు. సోములమ్మ పేరు కూడా అక్కర్లేదు. పెద్దోడి కొడుకు పేరు చెబితే చాలు, వెలివేయడం అన్న మాటే ఈ ఊళ్లో ఎవరూ ఎత్తరు. కర్ర చేతికొస్తుంది. మంగళవారం నుంచి బుధు ఈ లెక్క చాలాసార్లు వేసుకున్నాడు. ఎన్నిసార్లు వేసినా చివర ఆ మీగడ కట్టిన గ్లాసే మిగిలింది.

దొప్ప ఒలక్కుండా గాసి చేతికి తిరిగి ఇచ్చాడు.

"మాటిచ్చీసినాను," అన్నాడు.

"ఎవురికి? పాస్టరుకా?" గాసి అరిచాడు.

"అక్కడ పాస్టరు లేడు."

"నానున్నాను!" సోములమ్మ కూర్చున్న చోటు నుంచే అంది. "నాకిచ్చినాడు మాట. నన్నడగడానికి భయమేటి మీకు? ఎల్తన్నాను. మేక వాటా ఇస్తాను. దేవతకి మొక్కుతాను. కల్లు తాగను. నా కడుపు, నా ఇష్టం. మీలో ఎవుడైనా మోస్తన్నాడేటి నా కడుపు?"

ఆడవాళ్లలో ఎవరో "అదీ," అన్నారు. మగవాళ్లు ధనుంజయ్ వైపు చూశారు. ధనుంజయ్ మాత్రం సోములమ్మ వైపు చూడలేదు. బుధునే చూస్తున్నాడు.

"మీరిద్దరేనా?" అన్నాడు. "ఇంకెవరూ లేరా?"

"సెప్పనన్నాను గదా."

"ఇంకెవరూ లేరా?" అదే మాట రెండోసారి, గొంతు తగ్గించి అడిగాడు. బుధుకి అప్పుడు తట్టింది. ఇతనికి తెలుసు. తెలిసే, తన నోట అనిపించాలని చూస్తున్నాడు.

జవాబు రాకపోయేసరికి ధనుంజయ్ వంగి కర్ర తీశాడు. కాసేపు పట్టుకుని ఉండి, గాసి చేతికిచ్చాడు. వెలి మాట ఎవరూ ఎత్తలేదు. వాటా ఇస్తానన్న మనిషిని ఎలా వెలేస్తారు? అయితే పండగ మాంసంలో ఈ ఇద్దరి ఇళ్లకీ వంతు ఉండదన్నారు. బుధు తలూపాడు.

ఇంటికి వెళ్లే దారిలో రత్న ఒక్క మాటే అంది. "ఎవుర్తీ కాదన్నమాట."

*

శుక్రవారం బుధు దిగువకి పోతుంటే సిల్వర్ ఓక్ చెట్ల మలుపులో ధనుంజయ్ నిలబడి ఉన్నాడు. చెట్టుకి పాకిన మిరియాల తీగని చేత్తో పైకి ఎగదోస్తున్నాడు. ఆ తీగకి అలాంటిదేం అవసరం లేదు.

"ఎల్తన్నావా?"

"ఎల్తన్నాను."

"నిన్న అందరి ముందరా అడిగినాను. ఇప్పుడు ఎవరూ లేరు. మా గుంటడు అక్కడికొస్తన్నాడా?"

బుధు అతని మొహంలోకి చూశాడు. కోపం ఉందో, ఇంకేదైనా ఉందో, ఎంత చూసినా తేలలేదు.

"సెప్పను, అన్నా."

"నాకు కూడానా?"

"నీకు కూడా."

ధనుంజయ్ చాలాసేపు తీగనే సర్దాడు. తర్వాత చంకలోంచి ఒక మూట తీశాడు. మెరూన్ రంగు ఉన్ని స్వెట్టర్. రవికుమార్ ఆశ్రమ బడిలో చదివేటప్పుడు వేసుకున్నది.

"ఆ గదిలో సలంటన్నావు గదా. ఎవరికైనా సరిపోతే ఇయ్యి," అన్నాడు. బుధు వైపు చూడకుండా అన్నాడు.

దారి పొడుగునా బుధు ఆ స్వెట్టర్‌ని నమ్మలేదు. ఆగి చేతులు తిరగేసి చూశాడు, జేబులు చూశాడు. ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే ఇంకా అనుమానంగా ఉంది. ఇది తొడుక్కుని ఎవరు కొండ ఎక్కితే వాళ్లని మలుపులోనే చూస్తాడు. తను నోరు విప్పకుండానే తన చేత చెప్పించినట్టవుతుంది. పెద్దోడి బుర్ర పెద్దోడిదే.

రవికుమార్ వచ్చాడు. బుధు గదిలోకి రాగానే పక్కకి జరిగి చోటు ఇచ్చాడు. గురువారం సంగతి అతనికి చేరిందని బుధుకి అర్థమైంది. ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోలేదు. బుధు స్వెట్టర్‌ని మిషన్ కవర్ కింద పెట్టి, అయిపోయేదాకా దాని మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

అందరూ వెళ్లాక తీసి ఇచ్చాడు.

"మీ నాన్న ఇచ్చినాడు. సలికిచ్చినాడో, ఉచ్చేసినాడో నాకు తెల్దు. నాను నీ పేరు సెప్పనేదు. నీకొద్దంటే నానే తొడుక్కుని పైకెల్లిపోతాను. సూసుకోనీ నన్ను."

"నీకు పట్టదు సిన్నాన్న," అన్నాడు రవికుమార్. స్వెట్టర్‌ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మడత విప్పాడు, మళ్లీ మడిచాడు. జీపు తాళాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. తర్వాత తాళాలు పళ్లతో పట్టుకుని, రెండు చేతులూ పైకెత్తి, స్వెట్టర్‌ని తలలోంచి దూర్చుకున్నాడు.

నడిచే ఎక్కారు. మలుపు కనబడేసరికి బుధు వెనకబడ్డాడు. ధనుంజయ్ అక్కడే ఉన్నాడు, పొద్దున్న నుంచి అక్కడే ఉన్నట్టు, చెట్టు మొదట్లో కూర్చుని. కొడుకుని చూసి లేచాడు. ఒక అడుగు వేశాడు. బుధు దారి పక్కన రాయి దగ్గర కాచుకుని నిలబడ్డాడు, కొట్టుకుంటే మధ్యలో పడాలని.

"సేతులు పొట్టయిపోయినాయిరా," అన్నాడు ధనుంజయ్.

"అవును."

ధనుంజయ్ కొడుకు మణికట్టు దగ్గర అంచు పట్టుకుని కిందికి లాగాడు. అది రాలేదు. ఇంకో చెయ్యి పట్టుకుని లాగాడు. అదీ రాలేదు.

"ఇంటికి రా," అన్నాడు, ఆ అంచు వదలకుండానే. "మీయమ్మ అంబలి కాసింది."

రవికుమార్ కదల్లేదు.

"అంబలేరా," అన్నాడు ధనుంజయ్. "అంబలే."